వాసన కాపలా

అక్టోబరు 14, మంగళవారం

తమ్ముడూ,

వ్యాను ఇంకో అరగంటలో వస్తుంది. గంపల పక్కన కూర్చుని రాస్తున్నాను, కాగితానికి మట్టి అంటితే ఏమనుకోకు. నాలుగుసార్లు ఫోను చేశావని డ్రైవరు చెప్పాడు. మోగింది, విన్నాను, తీయలేదు. ఆసుపత్రి వాళ్ళు ఆ మాట చెప్పింది ఈ ఫోనులోనే. ఇప్పుడు ఎవరు చేసినా నాకు ఆ మాటే వినబడుతుంది. మంగళవారం, శుక్రవారం వ్యాను ఎలాగూ మీ ఊరి మార్కెట్టుకి వస్తుంది కదా, నాతో ఏం చెప్పాలన్నా రాసి డ్రైవరు చేతికివ్వు. నాది ఐదో తరగతి, నీది డిగ్రీ. నా తప్పులు నువ్వు దిద్దుకో, నీ పెద్ద పెద్ద మాటలు నేను దాటేసుకుంటా.

క్యాబేజీ నాటి నలభై రోజులయింది. నేనే నాటాను. నా కూతుర్ని పిచ్చుకా అని మొదట పిలిచింది నువ్వే, గుర్తుందా? అది పోయి ఐదు నెలలు. అది షెడ్డు గోడ మీద సుద్దముక్కతో గీసిన పటం మాత్రం ఉంది. గీత ఉన్నచోట క్యాబేజీ, సున్నా ఉన్నచోట ఉల్లి, చుక్క ఉన్నచోట పుదీనా, అడ్డగుర్తు ఉన్నచోట బంతి. చేను చుట్టూ ఆవాలు. కింది మూల చెమ్మకి చెరిగిపోయింది. అక్కడేముందో తెలియక పుదీనా పెట్టేశాను. అడుగుదామంటే మనిషి లేదు.

పిచ్చుక చెప్పేది, "అమ్మా, పురుగు తల్లి కళ్ళతో వెతకదు, వాసనతో వెతుకుతుంది. క్యాబేజీ వాసన దానికి ఇంటి నంబరు. చుట్టూ ఘాటు వాసనలు పెట్టామనుకో, నంబరు చెరిపేసినట్టే. వీధంతా తిరిగి తిరిగి వెళ్ళిపోతుంది" అని. ఆవాలు దానికి ఇష్టం కాబట్టి గట్టు మీదే ఆగిపోతుందట. నేను నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ మాటలే పాఠంలాగా వల్లె వేస్తున్నాను.

బడి వంటశాల పెద్దావిడ పిచ్చుకకి మాటిచ్చింది. మందు చుక్క పడని క్యాబేజీ అయితే పంటంతా తీసుకుంటానంది. పిల్లలకి పచ్చిగా తరిగి పెడతారట. ఆ మాట ఇప్పుడు నామీద ఉంది. ఒక్క చుక్క పడనివ్వను.

పురుగు వచ్చింది తమ్ముడూ. నిన్న చూశాను. సన్నగా, పచ్చగా, ముట్టుకుంటే దారం పట్టుకుని వేలాడుతోంది. మరదలిని అడిగానని చెప్పు.

అక్క

అక్టోబరు 16, గురువారం

అక్కా,

ఉత్తరం అందింది. నువ్వు పొలంలోకి దిగావంటే సంతోషమే, కానీ నాకు భయంగా కూడా ఉంది. నేను పన్నెండేళ్ళుగా ఈ కొట్లో విత్తనాలు, మందులు అమ్ముతున్నాను. దారం పట్టుకుని వేలాడే ఆ పురుగు నాకు బాగా తెలుసు. ఇరవై రోజుల్లో ఒకటి వందవుతుంది. పుదీనా వాసనకి పారిపోయేదే అయితే మా కొట్టు ఎప్పుడో మూసేసి పుదీనా అమ్ముకునేవాళ్ళం. కొంచెం తగ్గించొచ్చు, కాదనను. ఆపడం వేరు.

పురుగుకి నీ దుఃఖం తెలియదక్కా. పంట పోతే నువ్వు ఇంకోసారి మంచమెక్కుతావు. మే నెలలో నిన్ను చూశాను నేను. నీకు అన్నం తినిపించింది నీ మరదలు. ఇంకోసారి ఆ చూపు చూడలేను.

"ఒక్క చుక్క పడనివ్వను" అని రాశావు. అది ఎవరికి తగలాలని రాశావో వాళ్ళకి తగిలిందిలే.

తమ్ముడు

అక్టోబరు 21, మంగళవారం

తమ్ముడూ,

నీకెవరు తగిలించారు? నేను రాసింది వంటశాల పెద్దావిడ సంగతి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస.

నువ్వు చెప్పావు కదా అని రోజూ లెక్కపెడుతున్నాను. పది మొక్కలు తిరగేసి చూస్తే మొదట నాలుగు పురుగులు. నిన్న తొమ్మిది. ఆవాల మొక్కల మీద మాత్రం చెప్పనలవి కాదు, ఆకు కనబడటం లేదు. పక్క పొలం ఆయన గట్టు మీద నిలబడి, "ఏమ్మా, పురుగులకి కూడా వంటశాల పెట్టావా?" అన్నాడు. "పెట్టాను, అక్కడ తిని ఇటు రాకుండా" అన్నాను. మనసులో మాత్రం గుబులుగానే ఉంది. ఆవాలు పీకేద్దామని చెయ్యి వేశాను కూడా. పీకితే అవన్నీ నడుచుకుంటూ క్యాబేజీ మీదికొస్తాయని పిచ్చుక ఎప్పుడో అంది. వెనక్కి తీశాను.

సాయంత్రం వరుసల మధ్య నడుస్తూ చీపురు పుల్లలతో పుదీనాని, ఉల్లి ఆకుని మెల్లగా తడుతున్నాను. నలిగితేనే కదా ఘాటు. పొద్దుగూకేవేళకి చేనంతా వాసన లేస్తుంది. ఆ వాసన దాని బట్టల్లో ఉండేది. పని చేస్తున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు.

వేసవిలో నువ్వు పంపిన మందు డబ్బా షెడ్డులో అలాగే ఉంది. దానిమీద నీ చేతిరాత ఉంది, ఎన్ని మూతలు, ఎన్ని నీళ్ళు అని. రోజూ చూస్తాను.

అక్క

అక్టోబరు 27, సోమవారం

అక్కా,

శుక్రవారం వ్యాను వదిలేశాను, ఏం రాయాలో తోచక. డబ్బా సంగతి చదివాను. చదివి కొట్లో వెనక గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. నువ్వు దాన్ని పారేయకుండా ఎందుకు ఉంచావో అడగను. అడిగే హక్కు నాకు లేదు.

వేరే సంగతి. నీ అక్షరాలు గీత దాటి కిందికి జారిపోతున్నాయి. నీకు దగ్గరి చూపు ఆనడం లేదు. కళ్ళ ఆసుపత్రిలో నవంబరు 10కి పేరు రాయించాను. ఒక రాత్రి అక్కడే ఉండాలి, మర్నాడు అద్దాలిస్తారు. బస్సు టికెట్టు ఈ కవరులోనే ఉంది. కాదనకు, డబ్బు కట్టేశాను. పొలం రెండు రోజులు ఎవరో ఒకరు చూస్తారు. పక్క పొలం ఆయనతో నేను మాట్లాడతాను, నాకు ఆయన తెలుసు, మా కొట్టుకి వస్తుంటాడు.

తమ్ముడు

నవంబరు 7, శుక్రవారం

తమ్ముడూ,

వెళ్తాన్లే. నా కళ్ళ గురించి ఆలోచించేవాళ్ళు ఇంకా ఒకరున్నారని టికెట్టు చూశాకే తెలిసింది. దాన్ని బియ్యం డబ్బాలో దాచాను, పోగొట్టుకుంటానని.

నిన్న లెక్క పది మొక్కలకి పదిహేడు. రాయకూడదనుకున్నాను, నువ్వు కంగారుపడతావని. కానీ అబద్ధం రాయలేను. గడ్డలు పిడికిలి దాటి బిగుస్తున్నాయి, బయటి ఆకులు జల్లెడ అయ్యాయి. ఒక్క కొత్త సంగతి ఉంది. బంతి పూల మీద చీమంత కందిరీగలు తిరుగుతున్నాయి, నడుము సన్నగా ఉండేవి. అవి పురుగు ఒంట్లో గుడ్డు పెడతాయట. పిచ్చుక వాటిని "మన కూలీలు, కూలి అడగరు" అనేది. ఇన్నాళ్ళూ ఒక్కటీ లేదు. ఇప్పుడొచ్చాయి. ఇంక ఆ కూలీలదే భారం.

అక్క

నవంబరు 14, శుక్రవారం

తమ్ముడూ! తమ్ముడూ!

ఈ ఉత్తరం కొత్త అద్దాలతో రాస్తున్నాను. అక్షరాలు ఎంత బాగున్నాయో చూడు.

మంగళవారం చీకటిపడ్డాక ఇంటికొచ్చాను. బుధవారం పొద్దున్నే చేలోకి వెళ్ళి పది మొక్కలు తిరగేశాను. రెండు పురుగులు. రెండే! అద్దాలు తుడుచుకుని మళ్ళీ ఇంకో పది చూశాను. రెండే. ఎక్కడికి పోయాయిరా అవన్నీ? అక్కడే కూర్చుండిపోయాను. గట్టిగా ఏడ్చాను. పక్క పొలం ఆయన పరుగెత్తుకొచ్చాడు, ఏదో కుట్టిందనుకుని. "పని చేసిందయ్యా, నా కూతురు గీసింది పని చేసింది" అన్నాను. ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు. పాపం, ఆయనకీ కూతుళ్ళున్నారు.

వంటశాల పెద్దావిడకి కబురు పంపాను. 25వ తారీకు మంగళవారం కోత. ఆవిడే స్వయంగా వస్తానంది. దాని మాట నిలబడిందిరా. నువ్వు నమ్మలేదు కానీ ఫర్వాలేదు, అది బతికున్నప్పుడు నేనూ నమ్మలేదు.

అక్క

నవంబరు 17, సోమవారం

అక్కా,

చాలా సంతోషం. అద్దాలు సరిపోయినందుకు ఇంకా సంతోషం.

ఒక్క మాట విను. కోత 25న వద్దు. ఇంకో వారం, పది రోజులు ఆపు. గడ్డ ఇంకా బిగుస్తుంది, బరువొస్తుంది. డిసెంబరు మొదట్లో కోయి. పెద్దావిడకి నేను చెప్పాననే చెప్పు, ఏం ఫర్వాలేదు. ఈలోగా పచ్చిగా నువ్వు కూడా తినకు, కడుపుకి పడదు. పన్నెండేళ్ళ అనుభవంతో చెబుతున్నాను. నామీద నమ్మకముంచి ఈ ఒక్కటీ విను.

తమ్ముడు

నవంబరు 18, మంగళవారం

తమ్ముడూ,

డ్రైవరుని ఆపి రాస్తున్నాను, హారన్ కొడుతున్నాడు. ఆపడం కుదరదు. గడ్డలు నిండిపోయాయి, నాలుగు అప్పుడే పగిలాయి. ఇంకో వారం ఆగితే సగం విచ్చుకుంటాయి. క్యాబేజీ సంగతి నీకు నేను చెప్పాలా? పన్నెండేళ్ళ అనుభవం ఉన్నవాడివి ఇలా ఎందుకు రాశావో నాకు అంతుబట్టలేదు. దాని మొక్కలు గెలవడం నీకు కష్టంగా ఉందా? అలా అనుకోవడం నాకే సిగ్గుగా ఉంది, అయినా అనుకున్నాను.

ఆ డబ్బా గురించి నువ్వు వేరేగా తీసుకున్నావని నీ పాత ఉత్తరం మళ్ళీ చదివితే తెలిసింది. అద్దాలు వచ్చాక పాతవన్నీ చదువుతున్నాను. నిన్ను అనడానికి ఉంచలేదురా. నువ్వు రాసిన చీటీలో అడుగున ఇంకో వరుస ఉంది, "ఎండలో కొట్టొద్దు, కారే ట్యాంకు వాడొద్దు" అని. ఎవరు చదివారు? ఆ రోజు పిచ్చుక "సాయంత్రం కొడతానమ్మా" అంది. "సాయంత్రానికి ఆకు మిగలదు, ఇప్పుడే కొట్టు" అన్నది నేను. కారే ట్యాంకుకి గుడ్డపీలిక కట్టి దాని వీపుకి తగిలించింది నేను. మందు పంపమని నీకు కబురు పెట్టింది కూడా నేనే కదా, దానికి ఇష్టం లేకపోయినా. నువ్వు అడిగింది పంపావు, అంతే. ఆరు నెలలుగా ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అన్నాను. నిన్ను నువ్వు తిట్టుకోవడం మానెయ్యి.

25నే కోత.

అక్క

నవంబరు 24, సోమవారం

అక్కా,

గురువారం రాయాల్సింది. రాశాను, చింపేశాను. శనివారం బస్సెక్కి మూడో స్టాపులో దిగి వెనక్కొచ్చాను. నీ ముందు నిలబడే ధైర్యం లేక.

రేపు కోత ఆపు. గంపల్లో పెట్టినా ఒక్కటీ పంపకు.

నువ్వు కళ్ళ ఆసుపత్రికి వెళ్ళిన రోజు, పదో తారీకున, నీ చేలో మందు కొట్టించాను. పక్క పొలం ఆయనకి నేనే మందు పంపాను. "అక్కకి తెలుసు, చూసి తట్టుకోలేదు కాబట్టి తను లేనప్పుడు కొట్టమంది" అని అబద్ధం చెప్పాను. ఆయన తప్పు ఏమీ లేదు. పదిహేడు అని నువ్వు రాసింది అప్పటికి నేను చదివాను కూడా. పంట పోతే నువ్వు పోతావనుకున్నాను. పంట నిలబడితే పిచ్చుక గీసింది నిలబడిందని నువ్వు అనుకుంటావు, ఎవరికీ నష్టం లేదనుకున్నాను. పిల్లలకి పచ్చిగా పెడతారని నీ మొదటి ఉత్తరంలోనే ఉంది. అది నేను మర్చిపోయాను. ఎలా మర్చిపోయానో తెలియదు.

ఆ మందు కొట్టాక తినడానికి ఇరవై ఒక్క రోజులు ఆగాలి. రేపటికి పదిహేనే. అందుకే డిసెంబరు అన్నాను. అప్పుడు కూడా చెప్పకుండా గట్టెక్కుదామనే చూశాను. నువ్వు డబ్బా సంగతి రాసి నన్ను విడిపించావు, విడిపించి ఇంకా కట్టేశావు.

నీ ఫోనుకి పొద్దుట్నించీ చేస్తూనే ఉన్నాను. డ్రైవరుకి చెప్పాను, ఇది నువ్వు చదివేదాకా ఒక్క గంప కూడా ఎత్తొద్దని. రేపు మధ్యాహ్నంలోగా వంటశాలకి నేనే ఫోను చేస్తాను.

ఏమన్నా పడతాను.

తమ్ముడు

నవంబరు 28, శుక్రవారం

తమ్ముడికి,

మంగళవారం డ్రైవరు వచ్చేసరికి ముప్పై గంపలు నింపి రోడ్డు పక్కన పెట్టాను. వంటశాల పెద్దావిడ కూడా వచ్చి ఉంది, ఒక గడ్డ చేతిలో పట్టుకుని బరువు చూసుకుంటోంది. డ్రైవరు గంప ఎత్తకుండా నిలబడ్డాడు. "ముందు ఇది చదవమ్మా" అన్నాడు. బోర్లించిన గంప మీద కూర్చుని చదివాను. కొత్త అద్దాలు కదా, ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు.

ఆవిడ చేతిలోంచి గడ్డ తీసుకున్నాను. "ఏమైందమ్మా?" అంది. ఉత్తరం ఇచ్చాను. నిలబడే చదివింది. మడిచి నా చేతికిచ్చింది. తర్వాత, "దాచకుండా చూపించావు. కానీ ఈసారికి ఏదీ వద్దు. వచ్చే పంట సంగతి అప్పుడు చూద్దాం" అంది. తలుపు వెయ్యలేదు, తెరవనూ లేదు.

పక్క పొలం ఆయన దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆయనకి అర్థమైంది. "నాకు చెప్పింది వేరమ్మా" అన్నాడు. "నాకు తెలుసు" అన్నాను. "ఆ రోజు నువ్వు పని చేసిందని ఏడుస్తుంటే నాకు అనుమానం వచ్చింది. అడగలేకపోయాను" అన్నాడు. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టాడట. కాలవ వైపు ఆరు వరుసలు ఉండగా ట్యాంకు అయిపోయింది. మళ్ళీ కలపడానికి మనసొప్పలేదట. పిచ్చుకని ఆసుపత్రికి మోసుకెళ్ళింది ఆయన బండిలోనే కదా.

ఆ ఆరు వరుసలు నేను విడిగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. రోజూ గట్టు దిగే చోటే, రోడ్డు వైపే చూసేదాన్ని. బుధవారం పొద్దున వెళ్ళి లెక్కపెట్టాను. మందు పడిన వైపు పది గడ్డలకి రెండు పురుగులు. మందు పడని వైపు పది గడ్డలకి మూడు. మూడుసార్లు చూశాను. ఏ వరుస చూసినా అంతే. మందు పడిన వైపు కందిరీగలు నేల మీద పొట్టులాగా రాలి ఉన్నాయి. పడని వైపు బంతి పూల మీద ఇంకా తిరుగుతున్నాయి. చెరిగిపోయిన మూలలో నేను గుడ్డిగా పెట్టిన పుదీనా కూడా అటువైపే ఉంది. అది సరో కాదో ఇప్పటికీ తెలియదు.

పది గడ్డలకి ఒక్క పురుగు తేడా. నువ్వు నన్ను ఊరు దాటించి, పెద్దమనిషితో అబద్ధమాడి, పిల్లల నోటి దాకా తెచ్చి సాధించింది ఆ ఒక్క పురుగు.

నాకు కోపం వచ్చింది టికెట్టు గురించే. మందుకి కూడా అంత రాలేదు. నా కళ్ళ గురించి ఒకరు ఆలోచించారని ఊరంతా చెప్పుకున్నాను. మరదలికి తెలుసా ఈ సంగతి? తెలియకపోతే చెప్పు. నేను చెబితే బాగుండదు.

ఇరవై ఒక్క రోజులయ్యాక మార్కెట్టుకి పంపొచ్చు కదా, తప్పేం లేదు అన్నాడు డ్రైవరు. లేకపోవచ్చు. అందరూ తినేది అదే. కానీ మందు చుక్క పడదని చెప్పి పెంచిన దాన్ని, పడిందని చెప్పకుండా ఎవరి గంపలోకి వెయ్యను? నా చేతులు ఒప్పుకోలేదు. కోసినవన్నీ గొయ్యి తీసి పూడ్చేశాను. కాలవ వైపు నుంచి ఒక గడ్డ తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని పచ్చిగా తిన్నాను. తియ్యగా ఉంది. పిచ్చుక తినలేదు కదా అనుకున్నాను, అయినా మొత్తం తిన్నాను.

నన్ను కాపాడాలనుకున్నానని రాశావు. ఆ రోజు మధ్యాహ్నం నేనూ పంటని కాపాడాలనే అనుకున్నాను. మనిద్దరం ఒకే పని చేశాం. ఇద్దరం పిచ్చుక వద్దన్నదే చేశాం. అందుకే నిన్ను పొమ్మనలేను. అందుకే రమ్మని ప్రేమగా కూడా పిలవలేను.

ఆదివారం పొద్దున బస్సుకి రా. ఈసారి మూడో స్టాపులో దిగకు. ముందు వంటశాలకి వెళ్దాం. ఆవిడ ముందు నువ్వే నోరు విప్పి చెప్పాలి, నేను పక్కన నిలబడతాను, అంతే, ఒక్క మాట సాయం చెయ్యను. తర్వాత చేలోకి. కోయకుండా మిగిలిన గడ్డలన్నీ వేళ్ళతో సహా పీకాలి, పుదీనా, ఉల్లి దెబ్బతినకుండా. నేను కాలవ వైపు నుంచి మొదలుపెట్టాను, ఆ ఆరు వరుసలు వదిలేసి. సగం దాకా వచ్చి ఆపేశాను.

రోడ్డు వైపు వరుసలు నీవి.

అక్క